స్థలం: ములింగార్

పాలు పొంగించడంలో గిరిజాకుమారిని మించినవాళ్ళు ఐర్లాండు మొత్తంలో లేరు. ఇది పొగడ్త కాదు, లెక్క. ఏడేళ్ళలో ఆరు ఊళ్ళు, ఎనిమిది ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ సామాను లోపలికి రాకముందే కరెంటు పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి, పాలు పోసి, అవి పొంగి పొయ్యి మీద పడేదాకా నిలబడేది. ఏ వైపు పొంగాయో చూసేది. తూర్పుకో ఉత్తరానికో పొంగితే హమ్మయ్య అనుకుని, అప్పుడు గానీ అట్టపెట్టెల టేపు కోయనిచ్చేది కాదు. తూర్పు ఎటో కూడా ఆవిడే చూసుకోవాలి. మొగుడు జానకిరామ్‌ది మరీ అన్యాయం, మూడు నెలలు పనిచేసిన ఆసుపత్రిలో క్యాంటీన్‌కి దారి అడిగే మనిషి. పొద్దున సూర్యుడు కిటికీలోంచి మొహాన కొడుతున్నా, పడమర ఎటు గిరిజా అని అడుగుతాడు.

ఇన్ని ఇళ్ళు ఎందుకు మారారంటే, జానకిరామ్ మత్తుమందు డాక్టరు. గుంటూరులో చదువుకుని వచ్చాడు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో ఆయనలాంటి వాళ్ళకి ఉద్యోగం ఆర్నెల్లకో ఊరు. జనవరిలో ఒకటి, జూలైలో ఇంకొకటి. అదృష్టం బాగుంటే అదే ఊళ్ళో ఇంకో ఆర్నెల్లు పొడిగిస్తారు. ట్రాలీ, క్లాన్‌మెల్, లెటర్‌కెన్నీ... వంటింటి సామాను పెట్టె మీద ఒక్కో పేరూ రాసి, కొట్టేసి, దాని కింద ఇంకోటి రాసి, చివరికి ఆ పెట్టె మీద రాయడానికి జాగా లేకుండా పోయింది. పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు గిరిజ తన కుక్కర్నీ, మిక్సీనీ, కూతురు సహస్రనీ దేశమంతా తిప్పింది. ఎనిమిదేళ్ళ సహస్ర అప్పటికి మూడు బళ్ళు మారింది. కొత్త బళ్ళో మొదటి రోజు ఎలా ఉందే అంటే, "ఇట్స్ గ్రాండ్, అమ్మా," అనేది. తలుపు చాటుకి పోయి ఏడిచేది.

గిరిజది చీరాల. తండ్రి పెద్దాసుపత్రిలో కాంపౌండరు. ఆవిడ మైక్రోబయాలజీ చదివి, హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నాలుగేళ్ళు పనిచేసింది. పనేమిటంటే, మందులోనో, నీళ్ళలోనో, గదిలోని గాలిలోనో కంటికి ఆనని సూక్ష్మజీవి ఏదైనా ఉందా అని కనిపెట్టడం. గుండ్రటి చిన్న ప్లేట్లలో జున్నులా గడ్డకట్టిన అగర్ పోస్తారు. దాని మీద చుక్క నీళ్ళు రాసి, వెచ్చటి పెట్టెలో ఉంచి, రెండు రోజుల తర్వాత తీసి వెలుతురుకి పట్టి చూస్తే, సూక్ష్మజీవులుంటే చుక్కలు చుక్కలుగా మొలిచి ఉంటాయి. వాటిని లెక్కపెట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ అందులో గిరిజ కన్ను అటువంటిటువంటిది కాదు. ఎవరికి అనుమానం వచ్చినా, "గిరిజగారికి చూపించండి" అనేవాళ్ళు. తెల్లకోటు జేబు మీద ఎర్రదారంతో ఆవిడ పేరు కుట్టి ఉండేది. కోటు కంపెనీది కాబట్టి పెళ్ళయ్యాక వదిలేసి రావలసి వచ్చింది. పేరైనా విప్పుకుని తెచ్చుకోవలసింది అని ఎన్నిసార్లు అనుకుందో!

నవ్వకండి గానీ, ఆ పని మీద బెంగ ఆవిడకి మనిషి మీద బెంగలాగే ఉండేది. ఫ్రిజ్‌లో మర్చిపోయిన పప్పుకి బూజు పడితే అందరిలా ముక్కు మూసుకుని పారేసేది కాదు. గిన్నె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వంచి, తిప్పి, ఇది ఫలానా జాతి, అంచు చూడు ఎంత చక్కగా ఉందో అనుకునేది. "అమ్మా, దట్స్ రోటెన్!" అని సహస్ర అరిచేది. అప్పుడు గిరిజ ఉలిక్కిపడి గిన్నె కడిగేసేది. కడుగుతూ ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది.

పని చెయ్యవద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. అన్నది సర్కారు. డాక్టరు వెంట వచ్చిన భార్య ఉద్యోగం చెయ్యకూడదని పాస్‌పోర్టులో ముద్ర. అవి ఈ దేశానికి మంచి రోజులు. ఎక్కడ చూసినా క్రేన్లు, ఏ పేపరు తిప్పినా ఉద్యోగాలే. గిరిజ పేపర్లో ల్యాబు ఉద్యోగాల ప్రకటనలు చదివి, మడిచి, అదే పేపరు అలమరలో పరిచేది. ఇక్కడివాళ్ళు అలమరని ప్రెస్ అంటారు. ఎనిమిది ఇళ్ళ ప్రెస్సుల్లో ఆవిడకి రాని ఉద్యోగాలు డబ్బాల కింద అణిగి ఉండిపోయాయి. చివరికి రెండువేల తొమ్మిది వసంతంలో పని చేసుకోవచ్చని కొత్త ముద్ర పడింది. అప్పటికి క్రేన్లు ఆగిపోయాయి, బ్యాంకులు బోర్లాపడ్డాయి. అంగట్లో అన్నీ ఉన్నప్పుడేమో అల్లుడి నోట్లో శని. తీరా శని వదిలేసరికి అంగడే కట్టేశారు.

అయినా ఊరుకోలేదు. ములింగార్‌లో అద్దె ఇంటి మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని దరఖాస్తులు పంపింది. ఏడాది పంపింది. ల్యాబులన్నీ డబ్లిన్ చుట్టుపక్కలే. ములింగార్ నుంచి రైల్లో గంటకి పైనే. ఒక్కరూ జవాబివ్వలేదు. ఒక ఏజెన్సీ అమ్మాయి మాత్రం ఫోన్‌లో పాపం నిజం చెప్పింది. "ములింగార్ అంటే దూరం కదండీ. ఇప్పుడు ఒక్క ఉద్యోగానికి రెండొందల మంది. దూరంగా ఉన్నవాళ్ళ కాగితాలు ముందే పక్కన పెట్టేస్తున్నారు." ఆ మాట విన్నాక గిరిజకి తన చదువు మీద, కన్ను మీద కూడా అనుమానం వచ్చింది. వాటిని ఎవరూ చూడనేలేదని, చూసింది ఊరి పేరేనని మనసుకి నచ్చజెప్పుకున్నా, పడ్డ దెబ్బ పడ్డట్టే ఉంది.

ఆ మరుసటి ఉగాదికి డబ్లిన్‌లో తెలుగువాళ్ళంతా ఒక హాలు అద్దెకి తీసుకుని కలిశారు. పులిహోర వడ్డిస్తూ జయశ్రీ ఈ సంగతి విన్నది. జయశ్రీ, దత్తాత్రేయ దంపతులు పదేళ్ళుగా డబ్లిన్ అంచున లూకన్‌లో సొంత ఇంట్లో ఉంటున్నారు. దత్తాత్రేయ సాఫ్ట్‌వేర్ మనిషి.

"ఓసి పిచ్చిమొహమా! ములింగార్ అని రాస్తే ఎవడు పిలుస్తాడే నిన్ను?" అంది జయశ్రీ గరిటె ఆపి. "మా అడ్రస్ వేసుకో. మా ఇంటి అడ్రస్ మీద ఇప్పటికి ముగ్గురికి ఉద్యోగాలొచ్చినయ్. పోస్ట్‌మ్యాన్ మేమేదో హాస్టల్ నడుపుతున్నామనుకుంటున్నాడు."

"అబద్ధం కదక్కా!"

"అబద్ధమేంటి, నాలుగు రోజులు వచ్చి ఉండు మా ఇంట్లో, నిజమైపోద్ది. ముందు ఆ గడప దాటవే తల్లీ. తర్వాత సంగతి తర్వాత."

గిరిజ తటపటాయించింది. ఇంటికొచ్చి మూడు రోజులు తటపటాయించింది. నాలుగో రోజు కంప్యూటర్ తెరిచి, దరఖాస్తు పైన ములింగార్ చెరిపేసి లూకన్ అని కొట్టింది. పదకొండో రోజున పిలుపొచ్చింది.

పిలిచింది డబ్లిన్‌కి పడమటి వైపు పారిశ్రామికవాడలో ఉన్న ఒక ల్యాబు. చిన్నదే. నాలుగైదు మందుల కంపెనీలకి నీళ్ళూ, గాలీ పరీక్ష చేసి పెడతారు. కావలసింది ఒకే ఒక్క మనిషి, ఏడాది కాంట్రాక్టు మీద. జానకిరామ్ ఆ రోజు డ్యూటీ మార్పించుకుని సహస్రని చూసుకున్నాడు. గిరిజ తెల్లారే రైలెక్కి, దిగి, బస్సెక్కి, దిగి, బస్సు వెళ్ళని చివరి మైలున్నర వానలో నడిచి వెళ్ళింది. ఆ వాడ అంతా కార్లున్నవాళ్ళ కోసం కట్టినది. నడిచేవాళ్ళకి కాలిబాట కూడా లేదు. లారీలు చిమ్మిన బురద చీలమండల దాకా పడింది. లూకన్ నుంచి వచ్చిన మనిషిలా లేదు, లంక నుంచి ఈదుకుంటూ వచ్చిన మనిషిలా ఉంది.

తలుపు తెరిచారో లేదో, వాసన! ఉడికిన అగర్ వాసన. పులుసు కాగి చల్లారినట్టు ఉండే ఆ వాసన తొమ్మిదేళ్ళ తర్వాత ముక్కుకి తగిలేసరికి గిరిజ కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చింది. గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. వానలో తడిసి నీరసించిందనుకుని వాళ్ళు టీ ఇచ్చారు.

ల్యాబు పెద్దావిడ పేరు ఓర్లా. నలభై ఐదేళ్ళుంటాయి. మొహం నిండా గోధుమరంగు మచ్చలు, చెవి మీద కలం. మాటలు తక్కువ. "ముందు ప్లేట్లు చూడండి, మాటలు తర్వాత," అని ఆరు ప్లేట్లు, ఒక కలం, ఒక కాగితం ముందు పెట్టింది. ఇంకో ఇద్దరు కుర్రవాళ్ళు అవే ప్లేట్లు అంతకుముందు చూసి వెళ్ళారట. గిరిజ మొదటి ప్లేటు చేతిలోకి తీసుకుంది. వేళ్ళకి గుర్తుంది. బోర్లించి, దీపానికి పట్టి, ఒక్కో చుక్కకీ వెనక కలంతో గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఐదు ప్లేట్లకి ఐదు అంకెలు వేసింది. ఆరోదాని మీద ఏదో జీవి తడిచాపలా అంతటా పాకేసి ఉంది. గిరిజ కలం కింద పెట్టింది.

"ఇది లెక్కపెట్టను," అంది.

"ఖాళీ వదిలేస్తే ఎలా? ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వెయ్యండి," అంది ఓర్లా.

"వేస్తే అది నా అంకె అవుతుంది గానీ ప్లేటు అంకె అవదు. పరీక్ష మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే."

ఓర్లా మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. ముందు వచ్చిన ఇద్దరూ అంకె వేసి వెళ్ళారని తర్వాత ఎప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం గిరిజ దరఖాస్తు తీసి, చివరి పేజీ తిప్పి బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు మన వాళ్ళ అలవాటొకటి చెప్పాలి. ఇక్కడివాళ్ళ దరఖాస్తులో చదువూ పనీ రాస్తారు, అయిపోతుంది. మనం మాత్రం అక్కడితో ఆగం. బళ్ళో ఎవరు నేర్పారో గానీ, చివర్న 'పై వివరములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యమని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను' అని ఇంగ్లీషులో ఒక ప్రమాణం చేస్తాం. దాని కింద ఎడమవైపు స్థలం, తేదీ. కుడివైపు సంతకం. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న ఆ నాలుగు ముక్కలు ఇక కంటికి ఆనవు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. గిరిజ పైన అతికించింది, కింద వదిలేసింది. మొదటి పేజీలో లూకన్. చివరి పేజీలో, అంతా సత్యమని ఒట్టు పెట్టిన చోట, స్థలం: ములింగార్.

"పదిహేనేళ్ళుగా దరఖాస్తులు చూస్తున్నాను," అంది ఓర్లా. "అడగకుండా ఒట్టు పెట్టినవాళ్ళని మీవాళ్ళలోనే చూశాను. ఒట్టు కిందే దొరికిపోయిన మనిషిని ఇదే చూడటం. లెక్కకి రాని ప్లేటుకి అంకె వెయ్యని మనిషి అడ్రస్‌కి అబద్ధం ఎందుకు వేసింది?"

గిరిజకి చెవులు వేడెక్కాయి. బురద చెప్పులు కుర్చీ కిందకి లాక్కుంది. సర్దుకోవడానికి సాకులు లేకపోలేదు, నిన్నటిదాకా అక్కడ ఉన్నామనో, రేపు ఇక్కడికి వస్తున్నామనో. కానీ ఆ వాసన ముక్కులో ఉండగా నోట అబద్ధం రాలేదు.

"ములింగార్ అని ఏడాది రాశాను. ఎవరూ చదవలేదు. ఈ పని చెయ్యక తొమ్మిదేళ్ళయింది. రోజూ గుర్తొస్తుంది. ఇంట్లో బూజు పడితే పారెయ్యలేను. ఉద్యోగం ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఇవాళ ప్లేట్లు చూడనిచ్చారు, చాలు," అని లేచింది. ఇంగ్లీషులో ఎక్కడెక్కడ తప్పులు పోయాయో ఆవిడకి తెలియదు.

"కూర్చోండి," అంది ఓర్లా. "అరవై కిలోమీటర్లు దాటినవాళ్ళని పిలవొద్దని పైవాళ్ళ హుకుం. నేనెక్కడి నుంచి వస్తానో తెలుసా? లాంగ్‌ఫర్డ్. నూటపది. డబ్లిన్‌లో కొనలేక, ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు అక్కడ కొన్నాం. ఇప్పుడు అమ్మబోతే కొనేవాడు లేడు. ఇరవై ఇళ్ళ వీధిలో ఏడింట్లో దీపాలు వెలుగుతాయి. నేనే ఇవాళ కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటే నా కాగితం కూడా నేనే పక్కన పెట్టాలి." ఆ పైన ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి, బస్సు స్టాపు దాకా కార్లో దింపింది.

తర్వాత ఐదు వారాలు గిరిజ ఉన్నది ములింగార్‌లోనే గానీ మనసు మాత్రం ఆ దీపం ముందే. కూరగాయలు తరుగుతూ బెండకాయ గింజలు లెక్కపెట్టేది. లూకన్‌కి ఫోన్ చేసి, "అక్కా, ఏమన్నా వచ్చిందా?" అంటే, "నీకు రాలేదే. మిగిలిన ఊరందరికీ వచ్చినయ్," అనేది జయశ్రీ.

ఉత్తరం లూకన్‌కి రాలేదు. మే నెలలో ఒక గురువారం ములింగార్ ఇంటికే వచ్చింది. కవరు మీద, ఆ రోజు కార్లో ఓర్లా మాటల మధ్య అడిగిన ఇంటి నంబరుతో సహా చేత్తో రాసి ఉంది. ఏడాది కాంట్రాక్టు, జూలై ఒకటి నుంచి, పొద్దున ఏడింటి నుంచి మూడున్నర దాకా. లోపల చిన్న పసుపు చీటీ. 'మీ ఊరి పక్క పెట్రోలు బంకు ముందు నుంచి ఐదూ యాభైకి వెళ్తాను. ఒక్క నిమిషం ఆగుతాను. రెండో నిమిషం ఆగను. ఓర్లా.'

గిరిజ ఆ చీటీ పట్టుకుని వంటింట్లో చిన్నపిల్లలా గంతులేసింది. ఆ సాయంత్రం జానకిరామ్ ఇంటికొచ్చేసరికి ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉంది. జూలై ఒకటి నుంచి కాజిల్‌బార్. ములింగార్‌లో ఇంకో ఆర్నెల్లు అడిగాడు, లేదన్నారు. డబ్లిన్ అడిగాడు, అక్కడ ఉన్నవాళ్ళనే తగ్గిస్తున్నామన్నారు. కాజిల్‌బార్ పడమటి సముద్రం వైపు, రెండున్నర గంటల దారి. ల్యాబు తూర్పున. రెండు కాగితాలూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని మొగుడూ పెళ్ళాం వాటినే చూస్తూ కూర్చున్నారు.

"ఆర్ వీ మూవింగ్ అగైన్?" అంది సహస్ర.

"అక్కడా ల్యాబు ఉద్యోగాలు ఉంటాయేమో చూద్దామా?" అన్నాడు జానకిరామ్ చివరికి.

"ఉంటాయి. ఆర్నెల్లు వెతుకుతాను. దొరికేసరికి మళ్ళీ జనవరి వస్తది. ఏవండీ, నేను ఈసారి పెట్టెలు సర్దను."

అనేసి తనే భయపడింది. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో 'నేను రాను' అన్న మాట ఆ నోట రాలేదు. వార్త లూకన్ చేరడానికి ఎంతసేపు? అడ్రస్ ఇచ్చిన జయశ్రీయే ఫోన్ చేసి కేకలేసింది.

"ఉద్యోగం తెచ్చుకోమన్నాను గానీ మొగుణ్ణి ఒంటరిగా తోలెయ్యమన్నానటే? ఏడాది కాంట్రాక్టుకి ఇంత తెగింపా! నలుగురూ ఏమనుకుంటారు?"

"అక్కా, నువ్వు పదేళ్ళుగా పసుపు డబ్బా ఒకే ప్రెస్‌లోంచి తీస్తున్నావు," అంది గిరిజ. "నేను పసుపు ఎక్కడ పెట్టానో ఇంటికో వారం వెతుక్కుంటాను. నలుగురి సంగతి నాకు తెలవదు. నాకు ఒక్కచోట నిలబడాలని ఉంది." "ఆయనకి పచ్చళ్ళు నేను పంపుతాలే," అని జయశ్రీ ఫోన్ పెట్టేసింది.

జానకిరామ్‌కి కష్టంగానే ఉంది. దాచుకోలేదు. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడో రోజు మెట్ల కింద బల్ల దగ్గర గిరిజ బూట్లు తుడుచుకుంటుంటే వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏడేళ్ళు నా వెనక తిరిగావు. ఒక్కసారైనా నీ వెనక నేను తిరుగుదామంటే, ఊరు ఎంచుకునే హక్కు నాకెవడూ ఇవ్వలేదు," అన్నాడు. "కోపం నీ మీద కాదు గిరిజా. నువ్వు లేని ఇల్లు ఎలా ఉంటదో నాకు తెలీదు. అదీ నా బాధ." గిరిజ బూటు కింద పెట్టి ఆయన భుజానికి తల ఆనించింది. ఇద్దరికీ ఒక్కటే బెంగ, కాకపోతే చెరో దిక్కు.

సహస్రని పొద్దున్నే చూసుకోవడానికి పక్కింటి బ్రీడా ఒప్పుకుంది. రిటైరైన బడి వంటావిడ. "దిండుతో సహా పంపించు, నిద్ర కూడా పాడవదు," అంది. వంటింటి పెట్టె మీద జానకిరామ్ కాజిల్‌బార్ అని రాయబోతే గిరిజ కలం లాక్కుంది. ఒక కుక్కరు, రెండు గిన్నెలు, నాలుగు డబ్బాలు వేరే కొత్త పెట్టెలో సర్ది దాని మీద ఆ పేరు రాసింది. ఏ డబ్బాలో ఏముందో చీటీలంటించింది. కుక్కరు మూతకి కూడా అంటించింది, 'మూడు కూతలు' అని.

జూలై ఒకటి. ఐదున్నరకే పట్టపగల్లా వెలుతురు. పెట్రోలు బంకు దాకా జానకిరామ్ కార్లోనే దింపాడు. వెనక సీట్లో ఆయన పెట్టె, పరుపుచుట్ట. ఐదూ నలభై తొమ్మిదికి ఓర్లా కారు ఆగింది. మొగుడితో ఏమేమో చెప్పాలనుకుంది గిరిజ. ఉన్నది ఒక్క నిమిషం. "లాంగ్‌ఫర్డ్ దగ్గర ఎడమకి తిరగాలి. బోర్డు చూసుకోండి. దారి తప్పకండి," అంది. "తప్పితే నీకే ఫోన్ చేస్తాగా," అన్నాడాయన. ఒక కారు తూర్పుకి, ఒకటి పడమరకి వెళ్ళిపోయాయి.

ఆ రోజు ల్యాబులో గిరిజకి ఇచ్చిన కోటు మీద పేరు లేదు. ఎవరికైనా సరిపోయే రకం, ఉతికి మడిచి ఉంది. చేరిక కాగితాలు పెట్టారు. అడ్రస్ గడిలో ములింగార్ అని రాసింది. ఇక్కడి కాగితం కనుక కింద స్థలం అన్న గడి లేదు. పొద్దుటి నుంచి మూడున్నర దాకా నూట నలభై ప్లేట్లు చూసింది. వేళ్ళు నొప్పెట్టాయి. అంత సంతోషంగా ఉన్న రోజు ఆవిడ జీవితంలో చాలా ఏళ్ళుగా లేదు. మధ్యలో ఒంటిగంటకి మాత్రం, ఆయన ఏం తిన్నాడో అని చెయ్యి ఆగింది.

సాయంత్రం ఇంట్లో సహస్రకి అన్నం పెట్టి, తనూ తిందామని చూస్తే అలవాటుగా మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. మూడోదాన్ని తీసి ప్రెస్‌లో పెట్టింది. అప్పుడు ఫోన్ మోగింది.

"గిరిజా," అన్నాడు జానకిరామ్. ఆయాసపడుతున్నాడు. "ఇప్పుడే ఫ్లాట్‌కి వచ్చా. పెట్టె విప్పలేదు. ముందు పాలు పొంగించాను."

"మీరా!"

"ఎక్కడ ఆపాలో తెలియలేదు. పొయ్యంతా పాలే. నేల మీద కూడా. మాడు వాసనకి పైన పొగ బెల్లు మోగుతోంది, టవల్‌తో విసురుతున్నా."

గిరిజకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. సహస్ర అన్నం కలపడం ఆపి చూస్తోంది. గిరిజ కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎనిమిది ఇళ్ళల్లో తనకి తాను వేసుకున్న ప్రశ్న ఆయన్ని అడిగింది.

"ఏ వైపు పొంగినయ్?"

అవతల టవల్ విసురు ఆగింది.

"తూర్పుకి," అన్నాడు జానకిరామ్. "నీ వైపుకి."

ఆ ఫ్లాట్‌లో తూర్పు ఎటో ఆయనకి ఎలా తెలిసిందని గిరిజ అడగలేదు. "హమ్మయ్య," అంది. "ఇక పెట్టె విప్పండి. పసుపు పైన చీటీ ఉంది."